మూడు భాగాల్లో ఏది మంచిది

చిన్నోడా,

అమ్మ దీవించి రాస్తున్నాను. ఇక్కడ నేనూ అక్కా తిరుగుతూనే ఉన్నాం, పనులు చేసుకుంటూనే ఉన్నాం. నీ దగ్గు తగ్గిందనీ, వేళకు ఇంత తింటున్నావనీ అనుకుని ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం అందింది. ఎప్పటిలాగే నీ ఒంటి గురించి ఒక్క ముక్క, మిగతాదంతా ఆ వీడియో ఆట గురించే. పోనీలే, అదైనా రాస్తున్నావు. ముందు రాసిన ఉత్తరాల్లో "బాగున్నాను" అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ ఉండేది కాదు. కాగితం అటూ ఇటూ తిప్పి, వెనకాల ఏమైనా ఉందేమోనని వెలుతురుకు పెట్టి చూసేదాన్ని. నీ గదిలోకి మేస్త్రీ గారు వచ్చాకే నీ కలం కదిలింది. ఆయన కళ్ళకు శుక్లాలు ముదిరాయనీ, చదవలేరనీ, అందుకే నా ఉత్తరాలు పైకి చదివి వినిపిస్తున్నాననీ రాశావు. కాబట్టి నేనూ ఇద్దరికీ కలిపే రాస్తున్నాను. నమస్కారమండీ మేస్త్రీ గారూ. ముసలాయన, అందులోనూ చెక్కపని చేసుకునే మనిషి, ఈ పిల్లల ఆట గురించి మా వాడితో గొడవ పెట్టుకోవడమేమిటని మొదట్లో నవ్వుకున్నాను. మీ అమ్మాయి పక్కన కూర్చుని మొదటి భాగం అంతా ఆడానని మీరు చెప్పారని తెలిశాక నవ్వలేదు.

అక్క డిపోలో టికెట్ కౌంటర్ నుంచి లోపల ఆఫీసుకు మారింది. ఇదివరకు జనం కిటికీలోంచి తిట్టేవాళ్ళు, ఇప్పుడు ఫోన్లో తిడుతున్నారు. అంతే తేడా అంటుంది. కుర్చీ మాత్రం మెత్తగా ఉందట. నా మోకాలు మామూలే. వంటగది కుళాయి మళ్ళీ కారుతోంది. నువ్వుంటే దానికి ఏదో చుట్టేవాడివి. నేను గుడ్డ కట్టాను. గుడ్డలోంచి కూడా కారుతోంది, కాకపోతే చప్పుడు లేకుండా.

ఇక మీ పందెం సంగతి. ఇది తేల్చకపోతే మీ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేలా లేరు. రెండో భాగంలో వంతెన దాటి పాత దేశానికి వెళ్ళాక, దీపస్తంభం దగ్గర ఆ ముసలావిడ ఉంటుందా, ఉండదా? ఉంటుందని నువ్వు, ఉండదని మేస్త్రీ గారు. నేను వెళ్ళి చూశాను. లేదు. సరే, మేస్త్రీ గారే గెలిచారనుకుని కాగితం కూడా తీశాను. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి ఇంకోసారి వెళ్ళాను. ఉంది. మెట్ల మీద కూర్చుని వలలు బాగుచేసుకుంటోంది. విషయం ఏమిటంటే ఆవిడ పొద్దుట పూట మాత్రమే ఉంటుంది. మధ్యాహ్నం అయ్యేసరికి లేచి ఎటో వెళ్ళిపోతుంది. నువ్వు చిన్నప్పుడు బడికి వెళ్ళేముందు ఆడేవాడివి, అందుకే నీకు కనిపించింది. మేస్త్రీ గారు పని నుంచి వచ్చాక ఆడి ఉంటారు. ఇద్దరూ నిజమే చెప్పారు. పందెం రద్దు.

ఆ ఆటలో గడియారం పాడైపోయిందిరా. పెట్టినప్పుడల్లా ఇప్పుడు టైమెంత అని అడుగుతుంది. నేను మధ్యాహ్నం డ్యూటీ దిగి, చెప్పులు కూడా విప్పకుండా నీ మంచం మీద కూర్చుని దానికి "పొద్దున" అని చెప్పాను. నమ్మేసింది. వెంటనే ఆకాశం లేతగా మారిపోయింది, పిట్టలు కూశాయి. ఇంత అమాయకమైన వస్తువును నేనెక్కడా చూడలేదు.

ఈ ఆట నాకు ఎందుకు ఎక్కేది కాదో నీకు తెలుసు. వీపున బుట్ట తగిలించుకుని ఒక పిల్ల ఊళ్ళు పట్టుకుని తిరగడం, గడ్డిలోంచి ఒక వింత జంతువు రావడం, మన జంతువు దానితో కొట్లాడటం, అది అలిసిపోయాక బుట్టలో వేసుకోవడం. ఇంతే కదా, దీనికోసం పిలిచినా పలకకుండా కూర్చోవాలా అనుకునేదాన్ని. పెట్టె మీదున్న పేరు నాకు నోరు తిరగక బుట్ట ఆట అని పేరు పెట్టాను. అక్క ఇప్పటికీ అలాగే అంటుంది. నువ్వు వెళ్ళాక నీ గది సర్దుతుంటే సొరుగులో చేత్తో పట్టుకుని ఆడే ఆ ఆట మిషను కనిపించింది, దానితోపాటు మూడు భాగాలూ. పక్కన చార్జరు కూడా చక్కగా చుట్టి పెట్టి ఉంది. నీకు రాయడానికి నా దగ్గర ఏమీ లేక, ఏం రాసినా అటు తిరిగి ఇటు తిరిగి ఆ రోడ్డు దగ్గరికే వస్తుంటే, ఇదైనా రాద్దామని మొదలుపెట్టాను.

మూడింటిలో ఏది మంచిదో చెప్పమన్నావు. తీర్పు చెప్పేటంత తెలివి నాకు లేదు గానీ, మూడూ ఆడాను కాబట్టి చెప్తాను.

మొదటి భాగం తెరంతా పాచి రంగు. పచ్చా కాదు, నలుపూ కాదు. జంతువులు ముందు నుంచి చూస్తే ఫరవాలేదు, వెనక నుంచి చూస్తే అన్నీ ఉడకబెట్టిన దుంపల్లా ఉన్నాయి. ఆ పిల్ల నడక చూస్తే నా మోకాలే నయం అనిపించింది. మేస్త్రీ గారు చెప్పిన మాట మాత్రం నిజమే, అది మనకు ఏమీ చెప్పదు. ఎటు వెళ్ళాలో చెప్పదు, ఏం కొనాలో చెప్పదు. గుహలో దారి తప్పితే తప్పినట్టే. పని తెలిసిన మనిషి చేతికి చెక్క ఇచ్చి ఏదో ఒకటి చెయ్యి అన్నట్టు ఉంటుంది. ఆయనకు అది నచ్చడంలో ఆశ్చర్యం లేదు. ఆ మసి పిట్ట ఒక్కటి ఉంటే ఇంక వేరే జంతువు అక్కర్లేదు, అన్నింటినీ అదే కొట్టేస్తుంది. అది వాళ్ళు చూసుకోకుండా చేసిన తప్పేమో. తూర్పు రేవు దగ్గర బొమ్మ చెదిరిపోయి ముక్కలు ముక్కలుగా ఒక ఆకారం వస్తుందని నువ్వు చెప్పేవాడివే, అది నాకూ వచ్చింది. భయపడి ఆపేశాను.

బుట్ట నిండితే ఒకదాన్ని వదిలేయాలి. నేను నత్త ఏనుగును వదిలేశాను. అది పెద్దగా పనికొచ్చేది కాదు. తర్వాత దాని తొండం గుర్తొచ్చి, పోనీ మళ్ళీ తెచ్చుకుందామని వదిలిన చోటికి వెళ్ళాను. లేదు. ఆ గడ్డిలో ఎంత తిరిగినా వేరేవే వచ్చాయి. ఇంతకీ నాకు ఆ భాగంలో నచ్చనిది అది కాదు. అందులో మనుషులు నిలబడ్డ చోటే నిలబడి ఉంటారు. దుకాణం ముందు ఒకాయన ఉంటాడు. ఎన్నిసార్లు పలకరించినా వాన వచ్చేలా ఉంది అంటాడు. వాన రాదు. మనం వచ్చేదాకా వాళ్ళకు వేరే బతుకు లేనట్టు ఉంటుంది.

రెండో భాగంలో రంగులొచ్చాయి. అదంత గొప్పగా నాకు అనిపించలేదు, గోడకు కొత్తగా సున్నం వేసినట్టుంది. గొప్పది ఆ పొద్దూ మాపే. పొద్దున కనిపించే జంతువు సాయంత్రం కనిపించదు. మనుషులు పనికి వెళ్తారు, ఇంటికొస్తారు, తలుపు వేసుకుంటారు. నేను ఒకరింటికి వెళ్తే ఇంట్లో లేరు. అంతకుముందు ఏ ఆటలోనూ నాకు ఎవరూ ఇంట్లో లేకపోవడం జరగలేదు. ఆ పాత దేశం సంగతి నువ్వు రాసిందే నాకూ అనిపించింది. మొదటి భాగంలో అంత పెద్దగా ఉన్న ఊరు ఇందులో నాలుగు అడుగుల్లో అయిపోయింది. గుహ కూలిపోయింది. వాన వస్తుందన్న ఆయన దుకాణం మూసేసి ఉంది. ఆయన ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు.

మూడో భాగం అందమైనది. నీళ్ళలో ఆ పిల్ల నీడ పడుతుంది, ఇసుకలో అడుగులు పడతాయి, నిజంగానే వాన కురుస్తుంది. పరుగెత్తొచ్చు కూడా. కాకపోతే వాగుడు ఎక్కువ. అడుగడుక్కీ ఎవరో ఒకరు ఆపి ఇలా చెయ్యి, అలా చెయ్యి అంటారు. మా సూపర్‌వైజరమ్మ గుర్తొచ్చింది. ఇక నీ అసలు గొడవ ఉందిగా, పాత రెండు భాగాల్లోని జంతువులు ఇందులోకి రావు. నువ్వు ఆ భాగం కొత్తగా తెచ్చుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. ఎవరిదో ఇంకో ఆట మిషను అడిగి తెచ్చి, రెండింటినీ తీగతో కలిపి, ఎటు తిప్పినా కలవక, చివరికి ఆ చిన్న కాగితం చదివి, ముఖం గోడకు పెట్టి పడుకున్నావు. భోజనానికి రాలేదు. "మళ్ళీ పట్టుకోవచ్చుగా, అవే జంతువులు ఇందులోనూ ఉంటాయటగా" అన్నాను. "ఉంటాయి. కానీ అవి వేరేవి అమ్మా" అన్నావు. ఏమిటీ పిచ్చి అనుకున్నాను. ఇప్పుడు మూడూ ఆడాను కదా, నువ్వన్నది సరైన మాటేనని తెలిసింది.

నా ఓటు రెండో భాగానికే. నువ్వు చెప్పిన కారణాలు నావి కావు. అందులో మనుషులకు మనతో సంబంధం లేని పనులున్నాయి, అందుకని. మేస్త్రీ గారు కోప్పడకూడదు.

ఆట సంగతి ఇంతే. ఇంక రాయడానికి ఆట మిగల్లేదు. మిగిలి ఉంటే రాసేదాన్ని.

ప్రతి ఉత్తరం చివరా, సంతకానికి ముందు, నువ్వొక చిన్న ప్రశ్న రాస్తావు. "సారు ఎలా ఉన్నారు?" ఈసారీ రాశావు. ఎప్పుడూ నేను "అలాగే ఉన్నారు" అని రాసేదాన్ని. అది నిజమే కూడా.

ఇక్కడిదాకా పైకే చదివి ఉంటావు. ఇకనుంచి కూడా పైకే చదువు. గొంతు రాకపోతే ఆగి చదువు. మేస్త్రీ గారూ, మీరు లేవకండి. వాడి పక్కనే కూర్చోండి.

సారు పోయారు నాన్నా.

పొద్దుట పూట, ఆయన భార్య పక్కనుండగానే పోయారు. బాధ ఏమీ తెలియలేదని సిస్టరమ్మ చెప్పింది. ఆ మాట వాళ్ళు అందరి గురించీ చెప్తారు, నాకు తెలుసు. ఈసారి నిజమే అనుకుందాం. ఆ రోజు నువ్వు బ్రెడ్ వ్యాన్‌లో రెండు డ్యూటీలు వరసగా చేసి, ఆ ఈతకొలను రోడ్డు మీద ఒక్క క్షణం రెప్ప వాల్చి, వ్యాను ఆయన మీదికి పోయినప్పటి నుంచీ ఆయనకు ఏదీ తెలిసినట్టు లేదు.

నేను పనిచేసే ఆసుపత్రిలోనే ఆయన ఉన్నారని నీకు తెలుసు. నేను ఆయన గదికి వెళ్ళేదాన్నని మాత్రం నీకు రాయలేదు. రాస్తే ఏవేవో అడుగుతావు, నువ్వు అడిగినవాటికి నా దగ్గర జవాబులుండవు. ఇప్పుడు రాస్తాను.

మా లాండ్రీ కింద, నేలమాళిగలో. పైనుంచి మాసినవి మూటలుగా వస్తాయి, ఉతికి ఆరి రోలరు మీద ఇస్త్రీ అయ్యాక ట్రాలీల్లో పైకి వెళ్తాయి. ఏ వార్డు దుప్పటి ఆ వార్డుకే పోవాలని అంచున దారంతో గుర్తు కుట్టి ఉంటుంది. సారున్న వార్డు ట్రాలీ నాకు ఇప్పించమని సూపర్‌వైజరమ్మను అడిగాను. ఆవిడ కారణం అడగలేదు. అడగకపోవడం ఆవిడకు ఎంత కష్టమో నాకు తెలుసు.

మొదటి రోజు తలుపు దగ్గరే నిలబడి చెప్పేశాను. "అమ్మా, ఆ వ్యాను నడిపినవాడి తల్లిని నేను. దుప్పట్లు తెచ్చాను. నన్ను రావద్దంటే వేరే మనిషిని పంపిస్తాను." సారు భార్య నన్ను పైనుంచి కింది దాకా చూసింది. చెప్పుల షాపులో పనిచేస్తుందట, ఆ యూనిఫాంలోనే ఉంది. చివరికి "అక్కడ పెట్టి వెళ్ళండి" అంది. ఆ తర్వాత నెలల తరబడి మా మధ్య మాట లేదు. నేను వెళ్ళేదాన్ని, పెట్టేదాన్ని, వచ్చేసేదాన్ని. ఆయన ముఖం వంక ఒకటి రెండుసార్లు చూశాను. పడుకున్న మనిషి ముఖమే. లేస్తారేమో అనిపించేటట్టే ఉండేది. నేను నీకు ఆశ పెట్టకపోయినా, నాకు నేను పెట్టుకున్నాను.

ఒకసారి డ్రయ్యరు లోంచి ఒక పెద్ద దుప్పటి చిక్కుపడి వచ్చింది. గదిలోకి వెళ్ళాక చూసుకుని విప్పి మడత పెడుతున్నాను. ఒక్కదాన్నే ఎలా పెట్టినా నేలకు తగులుతోంది. ఆవిడ కుర్చీలోంచి లేచింది. రెండు కొసలు ఆవిడ పట్టుకుంది, రెండు నేను పట్టుకున్నాను. దగ్గరికి వచ్చాం, కొసలు కలిపాం, మళ్ళీ దూరం జరిగాం. ఆ తర్వాత నేను వెళ్ళిన ప్రతిసారీ ఆవిడ లేచేది. అక్కర్లేకపోయినా నేను ఒక దుప్పటి విప్పేదాన్ని. ఇదే నాకూ ఆవిడకూ ఉన్న సంబంధం.

ఆయన కాళ్ళ మీద ఇంటి నుంచి తెచ్చిన రగ్గు ఒకటి ఉండేది, గళ్ళది. మాసినా దాన్ని మా మూటలో వేసేది కాదు. ఇంటికి తీసుకెళ్ళి ఉతుక్కుంటుందేమో అనుకున్నాను.

ఎవరైనా ఇంటికి వెళ్ళిపోయినా, పోయినా మంచం మొత్తం కిందికి వస్తుంది. దుప్పట్లు, దిండు గలీబులు, పరుపు కవరు, తెర, అన్నీ ఒకే మూట. ఆ రోజు ఆ వార్డు గుర్తుతో ఒక పెద్ద మూట వచ్చింది. నేను విప్పుతూ ఉండగానే సూపర్‌వైజరమ్మ వచ్చి "ఆ మూట నాకియ్యి, నువ్వు రోలరు దగ్గరికెళ్ళు" అంది. అప్పుడర్థమైంది. "నేనే చేస్తానమ్మా" అన్నాను. చేశాను.

ఆ మూటలో గళ్ళ రగ్గు కూడా ఉంది. వార్డులో తెలియక కలిపేశారు. ఆవిడ వస్తువు, మిషన్లో ఆసుపత్రి దుప్పట్లతో కలవకూడదని పక్కకు తీశాను. ఒక మూల మరకలున్నాయి. ఇలా ఎలా తిరిగిస్తామని, మంచి సబ్బు తెచ్చి, చేత్తో ఉతికాను. పిండకుండా వేలాడదీశాను, పిండితే ఆ ఉన్ని పాడవుతుందని. ఆరాక అంచులు సాఫుగా లాగి మడత పెట్టాను. ఆవిడకు నేను చేయగలిగింది ఇదొక్కటే అనుకున్నాను. శ్రద్ధగా చేశానురా.

కొద్ది రోజులకు ఆవిడ లాండ్రీ గుమ్మం దగ్గరికి వచ్చింది. పైవాళ్ళెవరూ మా దగ్గరికి రారు, ఆ ఆవిరికీ ఆ చప్పుడుకీ. మిషన్లు ఆపించి, సూపర్‌వైజరమ్మ అందరినీ పక్కకు తీసుకెళ్ళింది.

"ఒక రగ్గు ఉండాలి. పైన లేదన్నారు" అంది ఆవిడ.

"నా దగ్గరే ఉందమ్మా, జాగ్రత్తగా పెట్టాను" అని బీరువాలోంచి తీసి రెండు చేతులతో ఇచ్చాను.

ఆవిడ దాన్ని తీసుకుని ముఖానికి ఆనించుకుంది. తర్వాత మడత విప్పి, ఇంకో చోట ఆనించుకుంది. ఇంకో చోట. అప్పుడు కూడా నాకు తెలియలేదు, చూస్తూ నిలబడ్డాను.

"ఉతికేశారా" అంది.

అవునని తల ఊపాను.

"ఇందులో ఆయన వాసన ఉండేది. అందుకే ఎప్పుడూ వెయ్యలేదు మీ మూటలో. ఆయన చొక్కాలన్నీ ఎప్పుడో ఉతికి పెట్టేశాను, మనిషి వస్తాడుగా అని. ఇదొక్కటే ఉంది."

నేను ఏమనాలి చిన్నోడా? తెలియదమ్మా అనాలా? తెలియదు, నిజమే. మంచి చేద్దామనుకున్నాను అనాలా? అదీ నిజమే. ఆ రెండు మాటలూ నాలుక దాకా వచ్చాయి. ఆవిడ ముఖం చూశాక రెండూ లోపలికి పోయాయి. కోర్టులో "నేను కావాలని చేయలేదు" అని ఒక్కసారి అనమని లాయరు గారు నిన్ను ఎంత బతిమాలారో నాకు తెలుసు. నువ్వు అనలేదు. వీడికి ఇంత మొండితనమేంటి, ఉన్న మాటే కదా అనడానికేం అని నేను మనసులో నీ మీద కోప్పడ్డాను. ఎందుకు అనలేదో ఆ గుమ్మంలో నాకు తెలిసింది.

ఆవిడ ఏడవలేదు. రగ్గు మళ్ళీ మడత పెట్టబోయింది. పెద్దది, ఒక్కతే పెట్టలేకపోయింది. నేను కదల్లేదు. ఆవిడ అలాగే ఉండచుట్టి చంకలో పెట్టుకుంది.

"మీ అబ్బాయికి తెలుసా?" అని అడిగింది.

"ఇంకా లేదమ్మా."

"ఎవరు చెప్తారు?"

"లాయరు గారు చెప్తారేమో."

"లాయరు వద్దు. మీరే చెప్పండి. కోర్టులో ఆయన్ని బాధితుడు, బాధితుడు అన్నారట. అలా కాదు. ఆయనెవరో చెప్పండి."

"చెప్తానమ్మా. నాకు ఆయన గురించి ఏమీ తెలియదు."

అప్పుడు అక్కడే, తడి నేల మీద నిలబడి చెప్పింది. ఆయన ఈత నేర్పేది పిల్లలకే అయినా, పొద్దున్నే ఒక క్లాసు నీళ్ళంటే భయమున్న పెద్దవాళ్ళ కోసం పెట్టేవాడట. అమ్మమ్మలూ తాతయ్యలూ గోడ పట్టుకుని వేలాడుతుంటే ఎవరినీ నవ్వనిచ్చేవాడు కాదట. ఈల వాడేవాడు కాదట, ఉలిక్కిపడతారని. నీళ్ళలో అంత ధైర్యంగా ఉండే మనిషికి కరెంటంటే చచ్చే భయమట, ఇంట్లో బల్బులన్నీ ఆవిడే మార్చేదట. పాట మొదలుపెడితే రెండో ముక్క దగ్గరే తప్పు పాడేవాడట. ఆయన సాక్సులు ఎప్పుడూ తడిగానే ఉండేవట, ఎన్నిసార్లు చెప్పినా తుడుచుకోకుండానే వేసుకునేవాడట. అది చెప్తూ ఆగిపోయింది.

"నేను క్షమించానని మాత్రం రాయకండి" అంది. "నేను క్షమించలేదు. అతను బాగుండాలనీ లేదు, పాడవ్వాలనీ లేదు. నాకేమీ లేదు."

"రాయనమ్మా" అన్నాను.

వెళ్ళిపోయింది. నేను మళ్ళీ రోలరు దగ్గరికి వెళ్ళాను. అందరూ నన్ను చూడకుండా పని చేసుకున్నారు.

ఇదీ సంగతి. ఆవిడకు మాటిచ్చాను కాబట్టి అంతా ఉన్నదున్నట్టు రాశాను.

నీ కేసు ఇప్పుడు ఏమవుతుందో నాకు తెలియదు. మారొచ్చని లాయరు గారు అంటున్నారు. మంచికి మారదని ఆయన గొంతే చెప్పింది. నీకు ఆశ కలిగించే మాట ఒక్కటైనా రాయాలని, రాయబోయే ముందు చాలాసేపు కూర్చున్నాను. ఏదీ రాలేదు. లేనిది రాస్తే నీకు తెలిసిపోతుంది. నువ్వు సారు లేస్తారన్న ఒక్కదాని మీద బతికావు, నాకు తెలుసు. ఆ ఒక్కటీ నేనే నా చేత్తో తీసేస్తున్నాను. నీకు దాని బదులు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇంక ఒక్కటే చెప్పాలి. సారు కళ్ళు తెరిచాకే నా ముఖం చూస్తానని ఒట్టు పెట్టుకున్నావు. నేను ములాకత్‌కు వచ్చి కూర్చుంటే గార్డు వచ్చి "రానంటున్నాడమ్మా" అనేవాడు. మొదటిసారి విసుగ్గా అన్నాడు, తర్వాత తర్వాత తల దించుకుని అనేవాడు. చివరికి నేనే రావడం మానేశాను, ఆ గార్డును ఇబ్బంది పెట్టడం ఎందుకని. ఇప్పుడు సారు కళ్ళు తెరవరు. నువ్వు ఆ ఒట్టునే పట్టుకుని కూర్చుంటే నేను పోయేదాకా నిన్ను చూడను. అది నీకు పడిన శిక్ష కాదురా, నాకు వేస్తున్న శిక్ష. జడ్జిగారు నాకు వెయ్యలేదు.

ములాకత్‌కు పేరు రాయించాను. అక్క వస్తానంది, వద్దన్నాను, ఈసారి నేనొక్కదాన్నే. నిన్ను ఓదారుస్తానని రావడం లేదు. ఓదార్చడం నాకు రాదని ఇప్పుడు బాగా తెలిసింది. ఏం మాట్లాడాలో కూడా తెలియదు. ఇనప జాలీకి ఇవతల నేను కూర్చుంటాను, అవతల నువ్వు కూర్చో. తల దించుకునే కూర్చో, ఎత్తమనను. నీ తల మీద ఆ జంట సుడి కనిపిస్తుంది, అది చూసి వచ్చేస్తాను.

రాకపోతే గేటు మూసేదాకా కూర్చుని వెళ్తాను. మళ్ళీ పేరు రాయిస్తాను.

ఇట్లు,
నిన్ను చూడాలని వస్తున్న
అమ్మ